తొరపల్లి ఇంటికి ఏ కళ్ళతో పోవాలి?

హోసూరు, కృష్ణగిరి పక్కల నుంచి అమెరికా పోయివచ్చే తల్లిదండ్రులు ఈ రోజుల్లో ఏ వీధిలో అడిగినా ఒకరిద్దరు కనిపిస్తారు. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగంలో ఉంటారు. వీళ్ళు వేసవిలో పోయి, అక్కడ చలి ముదిరేలోగా తిరిగి వచ్చేస్తారు. వచ్చాక చూపించే ఫోటోల్లో నయాగరా జలపాతం ఉంటుంది, అధ్యక్షభవనం కంచె ముందు నిలబడి తీసుకున్నది ఒకటి ఉంటుంది. ఆ తర్వాత ఒక తెల్లని పెద్ద ఇల్లు, దాని వెనక వెడల్పాటి నది. అది అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇల్లు, మౌంట్ వెర్నన్. నది పేరు పొటోమాక్. ఇంకో ఫోటోలో ఎర్ర ఇటుక గోడలు, వాటి పైన గుమ్మటం. అది మూడో అధ్యక్షుడు జెఫర్సన్ కొండమీద కట్టుకున్న మాంటిచెల్లో.

మా బంధువుల్లో ఒక పెద్దావిడ మౌంట్ వెర్నన్ గడప దగ్గర చెప్పులు విప్పబోయిందట. మనవరాలు నవ్వి, "అవ్వా, ఇది గుడి కాదు" అని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయిందట. ఇంట్లో అందరూ ఈ ముచ్చట చెప్పుకొని నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ అవ్వ చేసిన పనిలో నవ్వేదేమీ కనబడలేదు. గొప్పవాడు పుట్టిన ఇల్లు, బతికిన ఇల్లు మనకు గుడితో సమానమే. మన మాటలోనే అది ఉంది. సంతలో ఎద్దుల్ని చూస్తాం, మహానుభావుడి ఇంటిని దర్శిస్తాం. దర్శనానికి పోయినవాడు దండం పెడతాడు, కోరిక కోరతాడు. లెక్క అడగడు.

ఆ లెక్క అడగవచ్చునా అన్నదే నేను తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న. గొప్పవాడి ఇంటికి పోయినవాడికి ఆయన మంచితో పాటు ఆయన చేసిన చెరుపు గురించి కూడా అడిగే హక్కు ఉందా? ఆ చెరుపు తగిలింది తన వాళ్ళకే అయితే, అసలు ఆ ఇంటి గడప తొక్కవచ్చునా? రెండో ప్రశ్న హోసూరు తెలుగువాళ్ళకు ఊరికే వచ్చింది కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు అమెరికా ఇళ్ళ సంగతి.

1799లో వాషింగ్టన్ చనిపోయిన ఏడు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. పొలం దున్నింది వాళ్ళు, చేపలు పట్టింది వాళ్ళు, వంట వండింది వాళ్ళు. వాళ్ళలో 123 మంది వాషింగ్టన్ సొంతం. తన భార్య కాలం తీరాక వీళ్ళను విడుదల చెయ్యమని ఆయన వీలునామా రాశాడు. ఆమె అంతవరకు ఆగకుండా 1801 జనవరిలోనే విడుదల చేసింది. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఆమె మొదటి భర్త ఆస్తి కింద వచ్చినవాళ్ళు, చట్టప్రకారం వాళ్ళను విడిపించే అధికారం భార్యాభర్తలిద్దరికీ లేదు. అలాంటివాళ్ళలో ఓనా జడ్జి అనే అమ్మాయి ఒకతె. 1796లో, వాషింగ్టన్ అధ్యక్షుడుగా ఫిలడెల్ఫియాలో ఉన్నప్పుడే, ఆయన ఇంట్లో నుంచి పారిపోయింది. తనను యజమానురాలి మనవరాలికి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసి పారిపోయింది. ఆమెను వెనక్కి రప్పించడానికి వాషింగ్టన్ మనుషుల్ని పంపాడు. ఆమె రాలేదు. న్యూ హాంప్‌షైర్‌లో పేదరికంలో బతికి 1848లో చనిపోయింది.

జెఫర్సన్ సంగతి ఇంకా చిక్కు. మనుషులంతా సమానంగా పుట్టారని 1776లో దేశం తరఫున రాసిపెట్టిన మనిషి తన జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసల్ని ఉంచుకున్నాడు. 1826 జూలై 4న, ఆ ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్ళు నిండిన రోజున, అప్పుల్లో పోయాడు. తర్వాతి జనవరిలో ఆ అప్పులు తీర్చడానికి మాంటిచెల్లోలో వేలం పెట్టి, ఇంటి సామానుతో పాటు 130 మంది మనుషుల్ని అమ్మకానికి నిలబెట్టారు. ఒకే కుటుంబంలోని వాళ్ళు తలా ఒక దిక్కుకు పోయారు. ఆ ఇంట్లోనే శాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీ ఉండేది. ఆమె పిల్లల తండ్రి జెఫర్సనే అన్న మాట ఆయన బతికుండగానే పత్రికలకెక్కింది. ఆ ఇంటిని నడిపే సంస్థ అది నిజమే అయివుంటుందని ఒప్పుకున్నది 2000లో. ఆమె పేరిట ఒక గదిని చూపించడం మొదలుపెట్టింది 2018లో.

అంతకు ముందు ఏం చెప్పేవారు? చాలా కాలం ఆ ఇళ్ళలో "సేవకులు" అన్న మాట వాడేవారు. సేవకుడు అంటే జీతం తీసుకొని, ఇష్టం లేకపోతే మానేసి పోగలవాడు అని వినేవాడు అనుకుంటాడు. ఒక్క మాటతో ఎన్ని తలుపులు మూసేయవచ్చో చూడండి. మౌంట్ వెర్నన్‌ను 1858లో ఒక స్త్రీల సంఘం రెండు లక్షల డాలర్లకు కొని కాపాడింది. వాళ్ళు లేకపోతే ఆ ఇల్లు పాడుపడి ఉండేది, ఆ మాట వాళ్ళకు ఇవ్వాల్సిందే. వాళ్ళు కాపాడింది గుడిగానే. అది ఒకరోజులో మారలేదు. బానిసల మునిమనవళ్ళు, మునిమనవరాళ్ళు ఆ ఇళ్ళ గడప తొక్కి, మా వాళ్ళెక్కడ అని అడిగారు కాబట్టి మారింది. రాజ్యాంగానికి తండ్రి అని పేరున్న నాలుగో అధ్యక్షుడు మాడిసన్ ఇల్లు మాంట్‌పీలియర్ అని వర్జీనియాలోనే ఉంది. అక్కడ ఈ వారసులు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంటిని నడిపే మండలిలో సరిసమానంగా చోటు కావాలన్నారు. 2021లో ఒప్పుకున్నారు, 2022లో పెద్ద తగువైంది, ఆ ఏడే చోటు దక్కింది.

అందరి ఇళ్ళూ ఇలాంటివే అనుకోవద్దు. రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఎవరినీ బానిసగా ఉంచుకోలేదు. మసాచుసెట్స్‌లో ఆయన పుట్టిన ఇల్లు చిన్న రైతు ఇల్లు. మనవాళ్ళ ఫోటోల్లో అది అంతగా కనబడదు. గుమ్మటం లేదు కదా!

మన తల్లిదండ్రులు ఇదంతా అక్కడ విని వచ్చి మనకు చెబుతారు. "వాషింగ్టన్ గొప్పవాడే, కానీ బానిసల్ని పెట్టుకున్నాడంట" అని రెండూ ఒకే ఊపిరిలో చెబుతారు. ఎంత సులువుగా చెబుతారో! గొంతులో కోపం ఉండదు, బాధ ఉండదు. ఎందుకంటే ఆ లెక్కలో మన బాకీ లేదు, మనకు రావలసింది కూడా లేదు. సెలవుల్లో పోయి చూసేవాడికి ఉండే సౌకర్యం అది. అదే రాత్రి నల్లవాళ్ళ ఇంట్లో ఆ మాట అంత తేలికగా రాదు.

మనకు కూడా హోసూరు దాటి తొరపల్లి దారి పట్టగానే ఆ సులువు పోతుంది.

తొరపల్లి చక్రవర్తి రాజగోపాలాచారి పుట్టిన ఊరు. 1878 డిసెంబరు 10న అక్కడి అగ్రహారంలో పుట్టాడు. తండ్రి ఆ ఊరి మునసబు. పిల్లవాడు హోసూరు బడిలో చదివి, బెంగుళూరు పోయి, అక్కడి నుంచి మద్రాసు పోయి, సేలంలో వకీలై, గాంధీ వెంట నడిచి, 1948 జూన్‌లో స్వతంత్ర భారతదేశానికి గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆ పదవిలో కూర్చున్న భారతీయుడు ఆయన ఒక్కడే. 1950 జనవరి 26న ఆ పదవే పోయి రాష్ట్రపతి పదవి వచ్చింది. మొదటి రాష్ట్రపతిగా కూడా ఆయన్నే పెట్టాలని నెహ్రూ అనుకున్నాడు, కాంగ్రెసువాళ్ళు రాజేంద్రప్రసాదును కోరుకున్నారు. కాబట్టి మన తాలూకాలో "మొదటి అధ్యక్షుడి ఇల్లు" అనదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే. పెంకుటిల్లు. తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా చూసుకుంటోంది. ఆయన పుట్టినప్పుడు ఆ ఇల్లు సేలం జిల్లాలో ఉంది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. గోడలు కదలకుండానే ఇంటి జిల్లా మారిపోతూ వచ్చింది.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పకుండా ఉండలేను. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు ఏ సైన్యం లొంగిపోయిందో, దాని సేనాధిపతి కారన్‌వాలిస్. అక్కడ ఓడి, అయిదేళ్ళకు మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. టిప్పు సుల్తాను మీద యుద్ధంలో 1791లో హోసూరు కోటను పట్టుకున్నది అతని సైన్యమే. మరుసటి ఏడు జరిగిన ఒడంబడికలో కృష్ణగిరితో సహా బారామహల్ కంపెనీ చేతికి పోయింది. అలా మన కొండల మీదికి వచ్చిన ఆ పదవి, పేరూ హద్దులూ మారుతూ మారుతూ వచ్చి, చివరికి హోసూరు తాలూకా మునసబు కొడుకు చేతిలో ముగిసింది. చరిత్ర ఇలాంటి పనులు మన అనుమతి అడిగి చెయ్యదు.

ఇంత ఉన్నా, మా పెద్దమామ తొరపల్లికి రాడు. మనవళ్ళు, మనవరాళ్ళు సెలవులకు వచ్చినప్పుడు అందరం పోదామంటే ఆయన మాట ఒకటే: "ఆ మనిషి మనల్ని ఈడ్నే విడిచిపెట్టె గదప్పా. ఆయన ఇంటికి పోయి ఏం చూసేది?"

ఆయన మాటలో ఉన్న సంగతి పిల్లలకు తెలియదు, కాబట్టి చెప్పాలి. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్షకు కూర్చున్నాడు. అప్పుడు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి రాజాజీ. భాషల వారీగా రాష్ట్రాలు చీల్చడం దేశానికి మంచిది కాదని ఆయన గట్టిగా నమ్మినవాడు, మద్రాసు నగరాన్ని వదలడానికి ససేమిరా ఒప్పుకోనివాడు. దీక్ష 58 రోజులు సాగింది. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు ప్రాణం పోయింది. నాలుగు రోజులకు ఢిల్లీలో నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించాడు. 1953 అక్టోబరు 1న ఆ రాష్ట్రం వచ్చినప్పుడు హోసూరు అందులో లేదు. 1956లో దేశమంతా రాష్ట్రాల హద్దులు మళ్ళీ గీసినప్పుడూ లేదు.

పెద్దమామ కోపంలో న్యాయం ఉంది. అయితే లెక్క చూస్తే అంతా రాజాజీ పద్దులో రాయడానికి లేదు. హద్దులు తేల్చింది ఢిల్లీ. ఆంధ్ర నాయకుల కళ్ళన్నీ మద్రాసు నగరం మీద ఉన్నాయి. సేలం జిల్లా మూలలో, తెలుగు, కన్నడం, తమిళం మూడూ కలగలిసిన ఒక తాలూకా కోసం ఎవరూ పస్తులుండలేదు. మనల్ని విడిచిపెట్టినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. తొరపల్లి ఇంటి మీద కోపం పెట్టుకుంటే ఈ సంగతి మరిచిపోవడం తేలికవుతుంది. నాకు పెద్దమామ కోపంలో నచ్చనిది ఇదొక్కటే.

ఇంకొక సంగతి. రాజాజీ మీద బాకీ ఉన్నది మనకొక్కరికే కాదు. 1938లో బడుల్లో హిందీని తప్పనిసరి చేసినందుకు తమిళులు ఆయన మీద తిరగబడ్డారు. 1953లో పిల్లలు సగం పూట బడిలో చదివి మిగిలిన పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలని ఆయన తెచ్చిన పథకాన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించారు. 1954లో ఆయన దిగిపోయాక కామరాజు దాన్ని ఎత్తేశాడు. ఆ పోరాటాలతో పెరిగిన పార్టీయే 1967లో ఆయన స్వతంత్ర పార్టీని పక్కన పెట్టుకొని గెలిచింది. తమిళులు ఆయనతో తగువు మానుకోలేదు, ఆయన ఇల్లు కూల్చనూ లేదు.

అదే మనిషి 1939లో ముఖ్యమంత్రిగా, హరిజనులను గుళ్ళలోకి రానిచ్చినవాళ్ళ మీద ఎవరూ కేసు పెట్టకుండా చట్టం తెచ్చాడు. ఇది తొరపల్లి ఇంటి ముందు నిలబడి తలచుకోవలసిన సంగతి. ఎందుకంటే 1878లో అగ్రహారం అంటే ఆ కులాలవాళ్ళు చెప్పులు వేసుకొనే కాదు, చెప్పులు విప్పి కూడా నడవడానికి లేని వీధి. ఆ వీధిలో తిన్న అన్నం పండించినవాళ్ళు ఎవరు, ఆ ఇంటి పశువుల్ని మేపినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు మనకు లేవు. మౌంట్ వెర్నన్‌లో వాషింగ్టన్ చేతిరాతలో బానిసల పేర్ల పట్టిక మిగిలింది, మనుషుల్ని ఆస్తిగా లెక్కపెట్టుకున్నాడు కాబట్టి. మన దగ్గర ఆ పాటి లెక్క కూడా పెట్టుకోలేదు.

బానిసత్వాన్నీ, రాష్ట్రాల హద్దుల్నీ ఒకే తక్కెడలో వేస్తున్నావా అని ఎవరైనా అడగవచ్చు. వెయ్యడం లేదు. సంతలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖానికీ, తన భాషలో బడి దొరకని పిల్లవాడి కష్టానికీ పోలిక లేదు. నేను పోలుస్తున్నది గడప దగ్గర మనం చేసే పనిని. అమెరికాలో అంత పెద్ద గాయం ఉన్నవాళ్ళు ఆ ఇళ్ళకు దూరంగా ఉండిపోలేదు. వాషింగ్టన్ గొప్పవాడని ఒప్పుకోమని వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు, ఒప్పుకున్నాకే లోపలికి రమ్మనలేదు. వాళ్ళు పోయి నిలబడి అడిగారు. అంత గాయం ఉన్నవాళ్ళు పోగలిగితే, ఇంత గాయం ఉన్న మనం గడప బయటే ఉండిపోవడం నాకు సరిగా తోచదు.

నిజానికి బాకీ ఉన్నవాడి చూపే ఆ ఇంట్లో ఎక్కువ చూస్తుంది. బాకీ లేనివాడు గోడలు, మంచాలు, ఫోటోలు చూసి, బయటికి వచ్చి కొబ్బరిబొండం తాగి పోతాడు. తొరపల్లిలో నిలబడ్డ హోసూరు తెలుగువాడికి కనబడేవి వేరు: ఈ మనిషి ఈ మూడు భాషల గాలిలో పుట్టాడు, మన పక్క వీధుల్లో నడిచి బడికి పోయాడు. భాష పేరుతో జనాన్ని చీల్చవద్దన్న ఆయన నమ్మకం ఇక్కడి నుంచే పుట్టిందా? పుట్టివుంటే, ఇవే వీధుల్లో పుట్టిన మనకు అది ఎందుకు మింగుడు పడలేదు? ఆయన నమ్మినట్టే అన్ని భాషలూ ఒకే రాష్ట్రంలో ఉండిపోయివుంటే చిన్నభాషవాడి బడి బతికేదా, చచ్చేదా? దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ ఇంట్లో నిలబడితేనే ఈ ప్రశ్న నాకు కోపం లేకుండా తోస్తుంది.

తొరపల్లికి పోయినవాళ్ళు చూడవలసిన ఇల్లు ఇంకొకటి ఉంది. అది మద్రాసు మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద ఉంది. శ్రీరాములు దీక్ష చేసి ప్రాణం విడిచిన ఇల్లు, ఇప్పుడు ఆయన పేరిట స్మారక భవనం. ఆ ఇల్లు శ్రీరాములుది కాదు, బులుసు సాంబమూర్తిది. 1937లో రాజాజీ మొదటిసారి మద్రాసు ప్రభుత్వానికి పెద్ద అయినప్పుడు శాసనసభకు స్పీకరుగా కూర్చున్నది ఈ సాంబమూర్తే. ఒకప్పుడు ఒకే సభను నడిపిన ఇద్దరిలో ఒకరు దీక్షకు తన ఇల్లు ఇచ్చారు, ఇంకొకరు రాష్ట్రాన్ని ఏలుతూ దీక్షకు ఒప్పుకోలేదు. ఇద్దరూ స్వాతంత్ర్యం కోసం జైళ్ళకు పోయినవాళ్ళే. ఈ రెండు ఇళ్ళలో ఒక్కటే చూసినవాడికి సగం కథే తెలుస్తుంది, అది ఏ సగమైనా సరే.

హద్దుల విషయంలో మనం ఒంటరివాళ్ళం కూడా కాదు. తెలుగు ఇళ్ళలో పుట్టి రాష్ట్రపతులైన ముగ్గురిలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతపురం పక్క ఇల్లూరులో పుట్టారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. వి.వి. గిరి పుట్టిన బరంపురం 1936లోనే ఒరిస్సాలోకి పోయింది. వాళ్ళ ఊళ్ళలో మిగిలిన తెలుగువాళ్ళు కూడా మనలాంటివాళ్ళే. ఎప్పుడైనా అటు పోయి, వాళ్ళు ఆ పెద్దల గురించి పిల్లలకు ఏ భాషలో చెబుతున్నారో వినాలని ఉంది.

ఇంతకూ రాజాజీ కూడా ఒక అమెరికా అధ్యక్షుడి ఇంటికి పోయాడు. 1962 సెప్టెంబరులో, 83 ఏళ్ళ వయసులో, ఖద్దరు పంచెతో పోయి కెన్నెడీని కలిశాడు. అణుబాంబుల పరీక్షలు ఆపమని అడగడానికి గాంధీ శాంతి ప్రతిష్ఠానం తరఫున పోయాడు. ప్రపంచంలో అందరికన్నా బలమైన మనిషి ఇంట్లో కూర్చొని, నువ్వు చేస్తున్నది తప్పని ఆ ముసలాయన చెప్పగలిగాడు. ఈ కథ పెద్దమామకు చెప్పాను. కాసేపు ఊరకే ఉండి, "ఆ పొద్దు శ్రీరాములు అడిగింది కూడా అంతే గదా" అన్నాడు.

రాజాజీ పుట్టింది డిసెంబరు 10న, శ్రీరాములు పోయింది డిసెంబరు 15న. మధ్య అయిదు రోజులే. బడులుండే రోజులు కాబట్టి పిల్లల్ని అప్పుడు కదిలించడం కుదరదు, నెలాఖరు సెలవుల్లో తొరపల్లి, ఆ తర్వాత రాత్రి బస్సుకు మైలాపూరు అని అనుకున్నాం. పెద్దమామ మైలాపూరుకు తప్పకుండా వస్తానన్నాడు. తొరపల్లి మాటేమంటే, "ఆ పొద్దుకు చూస్తాంలేప్పా" అన్నాడు.